టెస్ట్ ఆటోమేషన్: భాష మార్పు, స్క్రిప్టుల పునర్నిర్మాణం

సాఫ్ట్‌వేరు సరిగ్గా పనిచేస్తోందో లేదో మనిషి తెర ముందు కూర్చుని చూసే పనిని మరో ప్రోగ్రాముకు అప్పగించడాన్ని టెస్ట్ ఆటోమేషన్ అంటారు. అలా రాసుకున్న ప్రోగ్రాముల్లో ఒక్కొక్కటీ ఒక టెస్ట్ స్క్రిప్టు. స్క్రిప్టు రాసిన భాషకు కాలం చెల్లవచ్చు, దాన్ని నడిపే టూల్‌ను తయారీదారు వదిలేయవచ్చు, ఆ భాష తెలిసినవాళ్లు దొరకడం కష్టం కావచ్చు. అప్పుడు స్క్రిప్టులన్నింటినీ వేరే భాషలో మళ్లీ కట్టుకోవలసి వస్తుంది. సంగారెడ్డి జిల్లాలోని జిన్నారం, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని ఈ వ్యాసం ఆ పనిని పరిశీలిస్తుంది. ఇక్కడి మందుల కంపెనీలు ఒక పరీక్షా పద్ధతిని ఒక ల్యాబు నుంచి మరో ల్యాబుకు బదిలీ చేసేటప్పుడు పాటించే క్రమశిక్షణే స్క్రిప్టుల మార్పిడికీ సరైన కొలబద్ద అన్నది దీని వాదం. మార్పిడి ఎంతవరకు అయిందో చెప్పడానికి చాలాచోట్ల మారిన స్క్రిప్టులను లెక్కపెడతారు. లెక్కపెట్టవలసింది, పాతవి పట్టుకున్న తప్పుల్లో ఎన్నింటిని కొత్తవి పట్టుకుంటున్నాయన్నది.

ప్రాంతం, పరిశ్రమ

1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదు బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చిన రసాయన నిపుణుల్లో కొందరు తర్వాత సొంతంగా కంపెనీలు పెట్టారు. వారిలో కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. బాలానగర్ నుంచి పరిశ్రమ వాయవ్యంగా పాకి బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల్లో స్థిరపడింది. ఇవన్నీ జిన్నారం మండల పరిధిలో పెరిగిన ప్రాంతాలే. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి యూనిట్లు ఎక్కువగా చేసేది బల్క్‌డ్రగ్, అంటే మాత్రలోకి వెళ్లే అసలు మందు పదార్థం. దగ్గరలోని సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కు మొదలైంది. మందులైనా పరికరాలైనా విదేశీ మార్కెట్లకు వెళ్లాలంటే వాటిని తయారుచేసే, పరీక్షించే కంప్యూటర్ వ్యవస్థలు కూడా తనిఖీకి నిలబడాలి.

ఈ తనిఖీకి చట్టబలం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే నిబంధనలను తెచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును, ఎలక్ట్రానిక్ సంతకాన్ని కాగితంతో సమానంగా నమ్మాలంటే ఏమేం ఉండాలో అవి చెబుతాయి. వ్యవస్థ కచ్చితంగా, నిలకడగా పనిచేస్తుందని నిరూపించాలి. చెల్లని రికార్డునూ మార్చేసిన రికార్డునూ అది గుర్తుపట్టగలగాలి. వైద్య పరికరాల రంగానికి సాఫ్ట్‌వేరు వాలిడేషన్ సూత్రాలను అదే సంస్థ 2002 జనవరిలో విడిగా ప్రకటించింది. పరిశ్రమ తనకు తాను రాసుకున్న గ్యాంప్ మార్గదర్శి అయిదో రూపం 2008లో, దాని రెండో కూర్పు 2022లో వచ్చాయి. ఇలాంటి ప్లాంటులో స్క్రిప్టు చెప్పే 'పాస్' అనే మాట ఇంజనీర్ల సౌకర్యంతో ఆగదు. బ్యాచ్ బయటికి వెళ్లడానికి వెనక నిలిచే సాక్ష్యాల్లో అదీ ఒకటి. సాక్ష్యం చెప్పే భాష మారినప్పుడు సాక్ష్యం మారలేదని చూపించే బాధ్యత మార్చినవారిదే.

భాషలు మారిన తీరు

ఆటోమేషన్ చరిత్ర నిండా వలసలే. 1990ల చివర్లోనూ 2000ల మొదట్లోనూ మెర్క్యురీ ఇంటరాక్టివ్ కంపెనీ విన్‌రన్నర్ విరివిగా వాడుకలో ఉండేది. దానికి సీ భాషను పోలిన సొంత స్క్రిప్టు భాష ఉండేది. ఆ తర్వాత అదే కంపెనీ క్విక్‌టెస్ట్ ప్రొఫెషనల్ వచ్చింది. టెస్టర్ల నోట క్యూటీపీగా స్థిరపడిన ఆ టూల్ భాష వీబీస్క్రిప్టు. మెర్క్యురీని 2006లో హెచ్‌పీ కొన్నది. టూల్ పేరు యూఎఫ్‌టీ అయింది. తర్వాత అది మైక్రో ఫోకస్ చేతికి, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వెళ్లింది. యాజమాన్యం ఇన్నిసార్లు చేతులు మారినా స్క్రిప్టు మాత్రం వీబీస్క్రిప్టుగానే ఉండిపోయింది. విండోస్ నుంచి ఆ భాషను దశలవారీగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది. ఏళ్ల తరబడి పోగుపడ్డ స్క్రిప్టుల కింద నేల కదిలింది.

ఉచిత టూళ్ల వైపు కథ ఇంకా వేగంగా నడిచింది. 2004లో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ జావాస్క్రిప్టులో మొదలుపెట్టిన సెలీనియం, సైమన్ స్టూవర్ట్ రాసిన వెబ్‌డ్రైవర్‌తో కలిసి 2011లో రెండో రూపం తీసుకుంది. జావా, పైథాన్, సీషార్ప్, రూబీ, జావాస్క్రిప్టు భాషల్లో దేనితోనైనా దాన్ని నడపవచ్చు. ఫాంటమ్‌జేఎస్ అనే బ్రౌజరు టూల్ అభివృద్ధి 2018లో ఆగిపోయింది. యాంగ్యులర్ బృందం తయారుచేసిన ప్రొట్రాక్టర్‌కు 2023లో మద్దతు ముగిసింది. పైథాన్ రెండో రూపానికి 2020 జనవరి 1తో గడువు తీరింది. మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన ప్లేరైట్ ఇప్పుడు చాలా బృందాలకు గమ్యమైంది. ఈ మార్పులన్నీ హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డుల మీద వరుసగా కనిపించాయి. ముందు మాన్యువల్ టెస్టింగ్, క్యూటీపీ, తర్వాత సెలీనియం విత్ జావా, ఆపైన పైథాన్, ప్లేరైట్. నగరంలో టెస్టింగే ప్రధాన వ్యాపారంగా పెద్ద కంపెనీలు కూడా పుట్టాయి. వాటిలో యాప్‌ల్యాబ్స్‌ను 2011లో సీఎస్‌సీ కొన్నది. సిగ్నిటి 2024లో కోఫోర్జ్ అధీనంలోకి వెళ్లింది. కాబట్టి పాత భాషలోని స్క్రిప్టులను కొత్త భాషలోకి తేవడం తెలుగు టెస్టర్లకు తరచూ ఎదురయ్యే పని. అది ఎలా జరగాలన్న విచారణ మాత్రం అంతగా జరగలేదు.

వరుసకు వరుస మారిస్తే జారిపోయేవి

పాత స్క్రిప్టును పక్కన పెట్టుకుని, ఒక్కో వరుసకు కొత్త భాషలో సమానమైన వరుస రాసుకుంటూ పోవడం అందరికీ ముందుగా తోచే పద్ధతి. బ్రౌజరును తెరవడం, మీట నొక్కడం, పెట్టెలో అంకె వేయడం వంటివి ఇలా మార్చినా పెద్ద నష్టం ఉండదు. వెబ్‌డ్రైవర్ 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా స్థిరపడింది కాబట్టి ఆ ఆదేశాలు ఏ భాషలోనైనా ఒకే అర్థంతో వెళతాయి. అయితే స్క్రిప్టులో రెండు భాగాలుంటాయి. ఒకటి తెరను నడిపేది, రెండోది తీర్పు చెప్పేది. మొదటిదానికి ప్రమాణం ఏర్పడింది. రెండోది ఇప్పటికీ ఆయా భాషల లెక్కల పద్ధతికీ తప్పులను చూసే పద్ధతికీ లోబడే నడుస్తోంది. మార్పిడిలో ప్రమాదమంతా ఈ రెండో భాగంలోనే ఉంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఒక బల్క్‌డ్రగ్‌లో ఒక మలినం 2 పీపీఎమ్‌కు మించకూడదని స్పెసిఫికేషన్ ఉందనుకుందాం. ల్యాబులో ఫలితం 2.5 వచ్చింది. స్పెసిఫికేషన్‌లో దశాంశం లేదు కాబట్టి ఫలితాన్ని పూర్ణాంకానికి సవరించి పోల్చాలి. అమెరికా ఫార్మకోపియా సాధారణ నియమాల ప్రకారం సవరించే అంకె 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ముందు అంకెకు ఒకటి కలపాలి. అంటే 2.5 కాస్తా 3 అవుతుంది, బ్యాచ్ తప్పుతుంది. జావాలో మ్యాథ్ రౌండ్‌కు 2.5 ఇస్తే 3 వస్తుంది. జావాస్క్రిప్టులోనూ అంతే, పైథాన్ రెండో రూపంలోనూ అంతే. పైథాన్ మూడో రూపంలో అదే రౌండ్‌కు 2.5 ఇస్తే 2 వస్తుంది. ఆ భాష సరిగ్గా సగం దగ్గర దగ్గరి సరిసంఖ్యకు జరుగుతుంది. వీబీస్క్రిప్టు రౌండ్ కూడా అలాగే చేస్తుంది, సీషార్ప్ అలవాటుగా చేసేదీ అదే. ల్యాబు సాఫ్ట్‌వేరు సవరించిన అంకె సరైనదేనా అని స్క్రిప్టు తానూ సొంతంగా లెక్కవేసి పోల్చుతుందనుకుందాం. జావాలో సరిగ్గా ఉన్న ఆ స్క్రిప్టును వరుసకు వరుస పైథాన్‌లోకి మారిస్తే, 2.5ను 2గా చేసి బ్యాచ్‌ను పాస్ చేసే సాఫ్ట్‌వేరు లోపాన్ని అది ఒప్పుకుంటుంది. ఒక్క అక్షరం కూడా తప్పు రాయకుండానే తీర్పు తలకిందులైంది.

ఈ తప్పును బయటపెట్టడానికి ఏదో ఒక అంకె ఇస్తే సరిపోదు. 3.5తో పరీక్షిస్తే రెండు పద్ధతుల్లోనూ 4 వస్తుంది, తేడా కనిపించదు. 2.4తోనూ 2.6తోనూ కనిపించదు. 2.5 లాంటి అంకెనే ఇవ్వాలి. ఆ అంకె ఎందుకు ముఖ్యమో పాత స్క్రిప్టు రాసిన మనిషికి తెలిసి ఉండవచ్చు. కానీ ఆ కారణం కోడ్ వరుసల్లో ఎక్కడా రాసి ఉండదు. వరుసలను తరలిస్తే 2.5 అనే అంకె తరలుతుంది, దాన్ని ఎందుకు ఎంచుకున్నారన్న తెలివిడి వెనకే ఉండిపోతుంది. మరొకరు వచ్చి, ఈ అంకె వింతగా ఉందని 3.5గా మార్చినా ఎవరూ అడ్డుచెప్పరు.

తప్పులను చూసే పద్ధతుల్లోనూ ఇలాంటి జారుడు చోట్లున్నాయి. వీబీస్క్రిప్టులో తప్పు జరిగినా ముందుకు సాగిపొమ్మనే ఆదేశం ఒకటుంది. దాన్ని స్క్రిప్టు మొదట్లో పెట్టేస్తే మధ్యలో ఏం కూలినా చివరికి పాస్ అని రావచ్చు. దాన్ని జావాలోకి తెచ్చేవారు తప్పును పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే ఖాళీ బ్లాకుగా రాస్తే పాత జబ్బు కొత్త ఇంట్లోకి వస్తుంది. జావాస్క్రిప్టులో ప్లేరైట్ తనిఖీ ముందు అవైట్ అన్న మాట మరిచిపోతే, తనిఖీ తేలకముందే స్క్రిప్టు ముగిసి పాస్ అనవచ్చు. పైథాన్‌లో అసర్ట్ తర్వాత షరతునూ సందేశాన్నీ కలిపి బ్రాకెట్లలో పెడితే అది రెండు విలువల జత అవుతుంది. ఖాళీ కాని జతను పైథాన్ ఎప్పుడూ నిజంగానే తీసుకుంటుంది కాబట్టి ఆ తనిఖీ జన్మలో తప్పదు. జావా అలవాటుతో వచ్చినవారు బ్రాకెట్లు పెట్టడం సహజం. అందుకే పైథాన్ ఈ చోట హెచ్చరిక చూపిస్తుంది. జావా పరీక్షా చట్రాల్లో ఒకటైన టెస్ట్ఎన్‌జీలో సమానత తనిఖీకి ముందు వచ్చిన విలువ, తర్వాత రావలసిన విలువ ఇవ్వాలి. మరో చట్రమైన జేయూనిట్‌లో ఆ వరుస తిరగబడుతుంది. దీనివల్ల పాస్, ఫెయిల్ మారవు. కానీ ఫెయిలైన రోజున లాగ్ చదివే మనిషికి ఏది తప్పో ఏది ఒప్పో తారుమారుగా కనిపిస్తుంది.

భాష మారినా పాత అలవాట్లు ఎంత మొండిగా అంటిపెట్టుకుంటాయో ఈ రంగపు మూల లైబ్రరీలే చూపిస్తాయి. కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాషలో రాసిన పరీక్షా చట్రాన్ని 1997లో ఎరిక్ గామాతో కలిసి జావాలోకి తెచ్చారు. అదే జేయూనిట్. దాన్ని అనుసరించి పైథాన్‌లో యూనిట్‌టెస్ట్ వచ్చింది. పైథాన్‌లో పేర్లు చిన్న అక్షరాలతో, మధ్యలో అండర్‌స్కోరుతో రాయడం ఆచారం. యూనిట్‌టెస్ట్‌లో మాత్రం నేటికీ జావా తరహాలో మధ్యలో పెద్ద అక్షరం వచ్చే పేర్లే ఉన్నాయి. ఇక్కడ హాని లేదు. అయితే పేరు అంటుకుని వచ్చినట్టే ఒక ఊహ, ఒక లెక్క కూడా ఎవరూ గమనించకుండా అంటుకుని రాగలవు.

పద్ధతి బదిలీ నేర్పేది

జిన్నారం, బొల్లారం ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఒక మందు శుద్ధతను కొలిచే పద్ధతి ఒకచోట రూపొంది మరొకచోట వాడుకలోకి వస్తుంది. రెండో ల్యాబులో యంత్రం వేరు కావచ్చు, కాలమ్ వేరు కావచ్చు, పనిచేసే చేతులు ఎటూ వేరే. పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా రాసి పంపాం కాబట్టి ఫలితం అదే వస్తుందని ఎవరూ నమ్మరు. దీనికి అమెరికా ఫార్మకోపియాలో 1224 సంఖ్యతో ఒక అధ్యాయమే ఉంది. అది నాలుగు మార్గాలు చూపిస్తుంది. ఒకే నమూనాలను రెండు ల్యాబులూ పరీక్షించి ఫలితాలు పోల్చడం మొదటిది. వాలిడేషన్‌లోనే రెండో ల్యాబును భాగం చేయడం రెండోది. రెండో ల్యాబు పూర్తిగానో పాక్షికంగానో మళ్లీ వాలిడేట్ చేయడం మూడోది. తగిన కారణం రాసి బదిలీ పరీక్షను మినహాయించడం నాలుగోది. ఏ మార్గమైనా, ఎంత తేడాను ఒప్పుకుంటామో ముందే రాసుకోవాలి. ఫలితం వచ్చాక గీత గీయడం కుదరదు.

ఈ నాలుగు మార్గాలూ స్క్రిప్టుల మార్పిడికి సరిగ్గా పనికొస్తాయి. బ్యాచ్ విడుదల, ఆడిట్ ట్రైల్, ఎలక్ట్రానిక్ సంతకం వంటి ముఖ్యమైన పనులను చూసే స్క్రిప్టులకు మొదటి మార్గం తగినది. పాతవీ కొత్తవీ ఒకే సాఫ్ట్‌వేరు మీద కొంతకాలం పక్కపక్కనే నడవాలి, తీర్పులు కలవని ప్రతిచోటా కారణం తేలాలి. ఇంకా తయారవుతున్న కొత్త విభాగాలకు రెండో మార్గం నప్పుతుంది. అక్కడ పాత భాషలో అసలు రాయకుండా మొదటినుంచీ కొత్త భాషలోనే రాయడం మేలు. పాత స్క్రిప్టు ఏం చూస్తోందో ఎవరికీ అంతుబట్టనప్పుడు అనువదించడం అనర్థం. అవసరాల పత్రం దగ్గరికి తిరిగి వెళ్లి కొత్తగా రాయడమే మూడో మార్గం. వాడుకలో లేని తెరలను చూసే స్క్రిప్టులను కారణం రాసి తీసేయడం నాలుగోది. మొత్తాన్ని ఒక్కసారిగా మార్చకుండా, పాతదాని చుట్టూ కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలన్న ఆలోచనను మార్టిన్ ఫౌలర్ 2004లోనే సాఫ్ట్‌వేరు పునర్నిర్మాణానికి ప్రతిపాదించారు. ఏ భాగం ముందు మారాలో, ఎప్పుడు మారినట్టో తేల్చడానికి పద్ధతి బదిలీ ఒక కొలతను చేర్చుతుంది.

ల్యాబుల నుంచి తీసుకోవలసిన రెండో పాఠం ఇంకా విలువైనది. హెచ్‌పీఎల్‌సీ మీద నమూనా ఫలితాలను నమ్మేముందు యంత్రం, పద్ధతి ఆ రోజు పనికొస్తున్నాయో లేదో తెలిసిన ప్రామాణిక ద్రావణంతో చూస్తారు. దీన్ని సిస్టమ్ సూటబిలిటీ అంటారు. మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చేసినప్పుడు ఫలితాలు ఎంత దగ్గరగా వస్తున్నాయి, పక్కపక్క పీకులు విడివిడిగా కనిపిస్తున్నాయా అన్నవి అందులో తేలుతాయి. అందులో తప్పితే ఆ వరుస ఫలితాలు లెక్కలోకి రావు. టెస్ట్ స్క్రిప్టుకు ఇలాంటి పరీక్ష పెట్టడమంటే, సాఫ్ట్‌వేరులో తెలిసి తెలిసి ఒక తప్పు పెట్టి స్క్రిప్టు దాన్ని పట్టుకుంటుందో లేదో చూడడం. ఈ ఆలోచన కొత్తది కాదు. మ్యుటేషన్ టెస్టింగ్ అనే పేరుతో డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ 1978లోనే దీన్ని పత్రంగా వివరించారు. జావాకు పిట్, పైథాన్‌కు మ్యూట్‌మట్ వంటి టూళ్లు ఈ పనిని ఇప్పుడు సులువు చేశాయి. పై ఉదాహరణలో సాఫ్ట్‌వేరు సవరింపు నియమాన్ని కావాలని సరిసంఖ్య పద్ధతికి మార్చి నడిపితే పాత జావా స్క్రిప్టు ఫెయిల్ అనాలి, కొత్త పైథాన్ స్క్రిప్టూ ఫెయిల్ అనాలి. కొత్తది పాస్ అంటే బదిలీ జరగలేదన్నమాట. అన్నీ ఆకుపచ్చగా ఉన్న నివేదిక నుంచి ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు. తప్పులేని సాఫ్ట్‌వేరు మీద, ఏమీ చూడని స్క్రిప్టు కూడా పాస్ అనే చెబుతుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

అసలు తిరిగి రాయడమే పొరపాటన్నది మొదటి అభ్యంతరం. నెట్‌స్కేప్ తన బ్రౌజరును మొదటినుంచీ మళ్లీ రాయడానికి పూనుకుని నష్టపోయిందని జోయెల్ స్పోల్‌స్కీ 2000లో రాసిన వ్యాసం ఈ వాదానికి ఆయువుపట్టు. పాత కోడ్‌లో కనిపించే వంకరలు చాలావరకు ఎప్పుడో దొరికిన బగ్‌లకు వేసిన అతుకులేనని, వాటిని పారేస్తే నేర్చుకున్నదంతా పారేసినట్టేనని ఆయన అన్నది నిజం. ఈ వ్యాసం వాదానికి అది బలమే చేకూరుస్తుంది. పోగొట్టుకోకూడనిది ఆ నేర్చుకున్నదే. అయితే వీబీస్క్రిప్టు విండోస్‌లో లేకుండా పోయే రోజున తిరిగి రాయాలా వద్దా అన్న ఎంపిక మిగలదు. ఎలా రాయాలన్నదే మిగులుతుంది. అతుకు వెనకున్న బగ్ ఏదో రాసిపెట్టుకుని, దాన్ని తెలిసిన తప్పుగా కొత్త స్క్రిప్టుకు చూపించగలిగితే అతుకు రూపం మారినా నేర్చుకున్నది నిలుస్తుంది.

పాత స్క్రిప్టులే నమ్మదగినవి కావు, వాటితో పోల్చడం దేనికన్నది రెండో అభ్యంతరం. ఇందులో బరువుంది. ఏ మార్పూ లేకుండానే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ చెప్పే నిలకడలేని టెస్టులు అన్నిచోట్లా ఉన్నాయి. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఏదో ఒక మేరకు ఈ గుణం ఉందని గూగుల్ ఇంజనీర్లు 2016లో వెల్లడించారు. కాబట్టి పాతదాన్ని ప్రమాణంగా నిలబెట్టడం సరికాదు. పద్ధతి బదిలీలో కూడా పంపిన ల్యాబు ఎప్పుడూ ఒప్పేనన్న నియమం లేదు. రెండు ఫలితాలు కలవనప్పుడు కారణం వెతుకుతారు, కొన్నిసార్లు పాత పద్ధతిలోని లోపమే బయటపడుతుంది. పోలిక పని అనుమానించవలసిన చోటును చూపించడం. ఒప్పేదో తప్పేదో తేల్చేది అవసరాల పత్రం, తెలిసిన తప్పు.

రెండింటినీ కలిపి నడపడం ఖర్చు అన్నది మూడోది. అన్నింటినీ నడపాలంటే ఖర్చే. కానీ రిస్కును బట్టి శ్రమను పంచుకోవాలని గ్యాంప్ ఎప్పటినుంచో చెబుతోంది. 2022లో ఎఫ్‌డీఏ తెచ్చిన సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ముసాయిదా కూడా వైద్య పరికరాల తయారీలో వాడే సాఫ్ట్‌వేరుకు అదే దారి చూపింది. రోగి భద్రతను తాకే చోట గట్టి సాక్ష్యం కావాలి, తెర రంగును చూసే చోట అంత అక్కరలేదు. పోలిక ఖర్చును మార్పిడి ఖర్చుతో మాత్రమే తూచడం కూడా సరికాదు. తప్పు అంకెను ఒప్పుకున్న స్క్రిప్టు వల్ల ఒక బ్యాచ్ బయటికి వెళ్లి వెనక్కి రావలసివస్తే, ఆ నష్టం ముందు కొన్ని వారాల జంట పరుగు చాలా చిన్నది.

నాలుగోది ఇప్పటి కాలపు అభ్యంతరం. కృత్రిమ మేధ క్షణాల్లో అనువదిస్తుంటే ఇంత కసరత్తు దేనికని అడుగుతారు. ఆ సామర్థ్యం నిజమైనదే. ఎయిర్‌బీఎన్‌బీ ఇంజనీర్లు దాదాపు 3,500 టెస్టు ఫైళ్లను ఎంజైమ్ అనే టెస్టింగ్ టూల్ నుంచి రియాక్ట్ టెస్టింగ్ లైబ్రరీకి భాషా నమూనాల సాయంతో ఆరు వారాల్లో మార్చామని 2025లో వెల్లడించారు. చేత్తో చేస్తే ఏడాదిన్నర పడుతుందని వారి మొదటి అంచనా. అక్కడ టెస్టుల ఉద్దేశాన్నీ కవరేజినీ కాపాడుకోవడం లక్ష్యంగా పెట్టుకోవడం మెచ్చుకోదగింది. అయినా కవరేజి చెప్పేది కోడ్‌లో ఒక వరుస నడిచిందనే, దాని ఫలితాన్ని ఎవరైనా సరిచూశారో లేదో అది చెప్పదు. ఫెయిలవుతున్న టెస్టును పాస్ చేయమని యంత్రానికి పని అప్పగిస్తే తనిఖీని సడలించడం కూడా ఒక దారే అవుతుంది. అనువాదం చవకైనకొద్దీ రుజువు విలువ పెరుగుతుంది. యంత్రం మిగిల్చిన సమయాన్ని తెలిసిన తప్పులు తయారుచేయడానికీ వాటితో పరీక్షించడానికీ ఖర్చుచేయడమే ఈ కొత్త శక్తికి తగిన వినియోగం.

మనుషులు, నైపుణ్యం

భాషకు విలువ లేదని పై వాదానికి అర్థం కాదు. డెవలపర్లు రాసే భాషలోనే టెస్టులూ ఉంటే లోపం ఎక్కడుందో త్వరగా తెలుస్తుంది, ఇద్దరూ ఒకరి కోడ్ ఒకరు చదవగలుగుతారు. ఉద్యోగ ప్రకటనలు అడిగే భాష రాకపోతే టెస్టరుకు పూట గడవదు. అమీర్‌పేటకు వచ్చి కొత్త టూల్ నేర్చుకునే పిల్లల ఆరాటం న్యాయమైనదే. అయితే ప్రతి వలసలోనూ పాత టెస్టరును పాత భాషతో పాటే వెనక వదిలేయడం ఆనవాయితీగా మారింది. అది అన్యాయమే కాక నష్టం కూడా. 2.5 పీపీఎమ్ ఎందుకు తప్పాలో తెలిసిన మనిషికి పైథాన్ నేర్పడానికి నెలలు చాలు. పైథాన్ తెలిసిన మనిషికి ఆ ఎందుకు తెలియాలంటే ల్యాబులో ఏళ్లు కావాలి.

ఇక్కడ జిన్నారం ప్రాంతానికి ఇంకా పూర్తిగా వాడుకోని బలం ఒకటి ఉంది. నాణ్యత నియంత్రణ (క్యూసీ) బెంచీ దగ్గర పనిచేసే కెమిస్టులు, వాలిడేషన్ పత్రాలు రాసే నాణ్యత హామీ (క్యూఏ) ఉద్యోగులు, వైద్య పరికరాల ఇంజనీర్లు ఒకే పారిశ్రామికవాడలో ఉన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే కొద్దిసేపట్లో చేరే మాదాపూర్‌లో ఆటోమేషన్ ఇంజనీర్లున్నారు. ఈ రెండు వర్గాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అరుదు. స్క్రిప్టుల మార్పిడి ఒప్పందం రాసేటప్పుడు ఎన్ని స్క్రిప్టులు, ఎన్ని వారాలు అన్న రెండు అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి. దానికి మూడో అంకె చేర్చాలి. కెమిస్టులూ క్యూఏవారూ కలిసి తయారుచేసిన తెలిసిన తప్పుల జాబితాలో కొత్త స్క్రిప్టులు ఎన్నింటిని పట్టుకుంటే పని పూర్తయినట్టో ఆ అంకె చెప్పాలి, అదీ పని మొదలవకముందే. ఆ జాబితా ఏ భాషకూ చెందదు. నేటి పైథాన్ పోయి రేపు మరొకటి వచ్చినా అదే జాబితా దాన్నీ పరీక్షిస్తుంది. కాబట్టి సంస్థ తన ఆస్తిగా కాపాడుకోవలసింది స్క్రిప్టులకంటే ముందు ఆ జాబితానూ, దాన్ని రాయగల మనుషులనూ.